ఉప్మా మీద అభిప్రాయ సేకరణ

అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న రోజుల్లో, ఎన్నికల ముందు నేనూ నా రూమ్మేటూ సర్వే పనికి కుదిరాం. పొద్దంతా చదువు, సాయంత్రం చిక్కడపల్లి గల్లీల్లో తలుపులు తట్టడం. పుస్తకాల ముందు నుంచి లేచి మనుషుల్లోకి వెళ్లడమే మాకు పండగలా ఉండేది.

ఆఫీసు వాళ్లిచ్చిన మొదటి ప్రశ్న ఇది: "మీ ప్రాంతానికి కొత్త రోడ్లు, మంచినీళ్లు తెచ్చిన ఎమ్మెల్యే పనితీరుతో మీరు సంతోషంగా ఉన్నారు కదా?"

అందరూ తలూపేవారు. "అంతే కదమ్మా" అని తలుపు వేసుకునేవారు.

"అక్క, ఈయన ఈసారి ఉట్టిగనే గెలుస్తడు. జనం గంత ఖుషీగున్నరు" అంది నాకంటే చిన్నదైన నా రూమ్మేట్.

ఓ అపార్ట్‌మెంట్లో రిటైరైన తెలుగు టీచర్‌గారు తలుపు తీశారు. కోస్తా నుంచి వచ్చి ఎప్పుడో ఇక్కడ స్థిరపడిన మనిషి. మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. నేను ప్రశ్న చదవగానే పకపకా నవ్వారు.

"ఇది ప్రశ్నేనా తల్లీ? పెళ్లిచూపుల్లో మధ్యవర్తి మాటలా ఉంది. కుర్రాడు బుద్ధిమంతుడు, బంగారం, నచ్చాడు కదా అంటే మొహం మీద ఎవరు కాదంటారు?"

"మరెలా అడగాలి టీచర్‌గారూ?"

"ముందుగా పొగడొద్దు, తిట్టొద్దు. ఎలా ఉందని అడిగి, చెప్పింది వినండి. అంతే."

నా రూమ్మేట్‌కు నమ్మకం కుదరలేదు. "రెండు మాటలు మారిస్తె మనుషులు మారుతరా? చూద్దాం పా" అంది.

హాస్టల్‌కు రాగానే తను కింది అంతస్తు అమ్మాయిల దగ్గరికి వెళ్లి, "మన వంట ఆంటీ పొద్దుగాలనే లేచి వేడివేడిగ చేసిపెట్టే ఉప్మా మీకిష్టమే కదా?" అని అడిగింది. నేను పై అంతస్తులో, "రోజూ అదే ఉప్మా తిని విసుగొచ్చింది కదా?" అని అడిగాను. మెట్ల మీద కలుసుకుని లెక్క చూసుకున్నాం. కింద దాదాపు అందరికీ ఇష్టమే. పైన దాదాపు అందరికీ విసుగే.

"ఓయమ్మ! ఒకటే గిన్నెల ఉప్మా అక్క! కింద అమృతం, పైన పరేషాన్!" అంటూ తను మెట్ల మీదే కూలబడి నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు.

ఆ గోల విని వంట చేసే ఆంటీ గరిటెతో సహా వచ్చింది. "ఏందే మీ లొల్లి? నా ఉప్మాకేమైంది?" భయపడుతూనే సంగతి చెప్పాం. కోప్పడుతుందనుకుంటే, అందరినీ కిందికి పిలిచింది.

"ఉప్మా ముచ్చట ఇడ్సిపెట్టుర్రి. రేపు పొద్దుగాల ఏం తింటరో చెప్పుర్రి."

ఇక హాలంతా సంతే. ఒకరు దోసె అన్నారు, ఒకరు పులిహోర అన్నారు. ఒకమ్మాయి ఉప్మాయే కావాలి, కానీ పల్లీలు ఎక్కువ వేయాలంది. ఊరి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఎవరితోనూ పెద్దగా మాట్లాడని పిల్ల మెల్లగా "సర్వపిండి" అంది. "నాక్కూడ అదే పానం బిడ్డా" అని ఆంటీ మర్నాడు బియ్యప్పిండితో ఆ కారపు రొట్టెలే కాల్చింది.

ఆ సర్వపిండి తినేసి నారాయణగూడలోని సర్వే ఆఫీసుకు వెళ్లి, సూపర్‌వైజర్‌కు జరిగిందంతా చెప్పాం. ఆయన కూడా నవ్వాడు గానీ పైవాళ్లతో మాట్లాడాడు. కొద్ది రోజుల్లోనే ప్రశ్న మారింది: "మీ ఎమ్మెల్యే పనితీరు మీకెలా అనిపిస్తోంది?" జవాబుకు నాలుగు గళ్లు: బాగుంది, పర్వాలేదు, బాగాలేదు, చెప్పలేను.

అప్పట్నుంచి తలుపులు అంత తొందరగా మూసుకోలేదు. ఒకాయన రోడ్డును మెచ్చుకుని, అదే నోటితో డ్రైనేజీని తిట్టాడు. ఇంకో ఇంట్లో భర్త జవాబు చెప్పబోతే, "నన్నడిగారు, నేను చెప్తాను" అని భార్య ముందుకొచ్చింది. ఇద్దరి జవాబులూ వేరు. ఇద్దరూ మా ముందే సరదాగా వాదించుకున్నారు.

చిక్కడపల్లి గల్లీలో ఓ ముసలమ్మ ప్రశ్న వినగానే అరుగు మీద కొంగుతో దుమ్ము దులిపి చోటు చూపించింది.

"కూసోర్రి బిడ్డా, జర సేపు పడుతది" అంది.

మేం హాయిగా కూర్చున్నాం.