కంప్యూటర్‌కు కొత్తలు

నిన్న జెరాక్సు కొట్లో వెచ్చటి కాగితం చేతికి తగలగానే సుగుణ మేడమ్ గుర్తొచ్చింది. వెచ్చటి కాగితం ముట్టుకుంటే నాకు కోడికూర వాసన కూడా వస్తుంది. అదీ ఆవిడ పుణ్యమే.

మేడమ్ బొబ్బిలిలో కిరాణాకొట్టు వాళ్ల అమ్మాయి. పదేళ్ల కిందట సీతంపేట కొండల మీద మా సవరల గూడకు వచ్చి, నలభై దాటిన నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది. తరవాత కంప్యూటర్‌నూ ప్రింటర్‌నూ కావడిలో మోయించుకొచ్చి, మీటల మీద తెలుగు అక్షరాల చీటీలు అంటించి, సిగ్నల్ కోసం డాంగిల్ అనే నెట్ పుల్లను పనసకొమ్మకు కట్టింది. సోమవారానికి పదిమందైనా దాని మీద పేర్లు కొట్టకపోతే కంప్యూటర్‌ను కిందికి దించేస్తామని పై అధికారి షరతు పెట్టాడు.

మా వాళ్లు ఒక్కరూ ముట్టలేదు. మామిడికాయైనా కందికాయైనా కొత్తల పండుగ చేసి, పోయిన పెద్దలకు పెట్టాకే మేం ముడతాం. నాకేమో వేళ్లు దురద పెడుతున్నాయి.

"ఇది కాయ కాదు తాతా, మిషను" అని మేడమ్ మా పూజారి ఎజ్జోడు తాతను బతిమాలింది.

"మిషనయితే ఏటి? కొత్తదా, కాదా? అది సెప్పు."

"కొత్తదే."

"దీనికేటి కాస్తాది?"

మేడమ్ ఆలోచించి, "కాగితం" అంది.

"మరింకేటి! తొలి కాగితం పెద్దలకి. దాని మీద ఆళ్ల పేర్లుండాల. కోడి నువ్వు తే."

గుడ్డు కూడా ముట్టని మేడమ్ సంత నుంచి కోడిని చేతులు బారచాపి, మొహం అటు తిప్పుకుని తెచ్చింది. నేను ఒక్కో మీటా వెతికి మా అమ్మ పేరు కొట్టాను, గయ్యారమ్మ. ఆ తరవాత తోపులాట మొదలైంది. "తప్పుకోయే, మా అయ్యది నాను కొడతాను!"

సోమవారం ప్రింటర్‌లోంచి వెచ్చగా వచ్చిన తొలి కాగితాన్ని కోడికూర పక్కన పెద్దలకు పెట్టాం. అంతలో వచ్చిన అధికారి దాన్ని తీసి చదివి మురిసిపోయాడు. "పన్నెండు పేర్లు! వీళ్లను పిలవండి."

"రారండీ" అంది మేడమ్ నేల చూస్తూ. "చనిపోయారు."

"పన్నెండుమందీనా? ఏం జబ్బు?"

"ముసిలితనం బాబూ" అన్నాడు తాత. "ముందా కాగితం కిందెట్టు. అది ఆళ్లది."

అధికారి పెట్టేశాడు. అతని కళ్లెదుటే అందరం ఈసారి మా పేర్లు కొట్టి చూపించాం. కంప్యూటర్ గూడలోనే ఉండిపోయింది. కోడికూర మాత్రం అధికారే ఎక్కువ తిన్నాడు.

మొన్న కొత్త ఫోను కొన్నాను. మనవరాలు తన పేరు కొట్టబోతే చెయ్యి పట్టుకున్నాను.

"ఆగే, కొత్తలు కాలేదు."

ముందు అమ్మ పేరు కొట్టాను. దాని కింద, పెద్దల వరసలో ఈ ఏడాదే మొదటిసారిగా, సుగుణ మేడమ్ అని కొట్టాను.