ఈలమ్మ లెక్కలో పట్టాల పక్క

పట్టాల పక్క అంటే ఏమిటని ఎవరినైనా అడగండి, అదీ ఒక ప్రశ్నేనా అని నవ్వుతారు. ఈలమ్మ నవ్వదు. ఆమె లెక్కలో కంకర మీద నిలబడ్డవాడు ఇంకా పట్టాల మీద ఉన్నట్టే. కంకర దిగాలి, రెండు కాళ్లూ మట్టి మీద ఆనాలి, వీపు కంచెకు తగలాలి. పారో గునపమో ఒక చేత పట్టుకుని రెండో చెయ్యి పైకెత్తాలి. అప్పుడే పక్కకు వచ్చినట్టు.

ఏడుగురు పట్టాలు బిగిస్తుంటే, రైలు వస్తోందని ఈల వేసి చెప్పడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. ఏడు చేతులూ లేచేదాకా ఈల ఆపేది కాదు. చెవులు చిల్లులు పడుతున్నాయని తిట్టుకుంటూనే ఎత్తేవారు.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. ఆమె అన్న కూడా ఇక్కడే పనిచేసేవాడు. ఒకరోజు "పక్కనే ఉన్నాగా!" అంటూ కంకర అంచున నిలబడ్డాడు. వెళ్తున్న రైలు వ్యాగన్‌కు వేలాడుతున్న గొలుసు తగిలి ప్రాణం పోయింది.

కొత్త సూపర్‌వైజరుకు ఇదంతా చాదస్తంగా తోచింది. రైలుకో పావుగంట పని పాడవుతోందని గొణుగుడు. ఆ మహానుభావుడు ఒకరోజు స్వయంగా వచ్చి, ఈల మోగుతుంటే కంకర మీద నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

"దిగండి బాబూ!"

"పక్కనే ఉన్నాను కదమ్మా!"

ఆ మాట చెవిన పడగానే ఆమెకు ఒళ్లు తెలియలేదు. చొక్కా పట్టుకుని కిందికి లాగేసింది. రైలు తన మానాన తాను వెళ్లిపోయింది. గొలుసూ లేదు, ఏమీ లేదు.

"చూశారా? ఏమైంది? ఏమీ కాలేదుగా!" ముఖం కందగడ్డ చేసుకుని, మట్టి దులుపుకుంటూ అరిచాడు.

"ఏమీ కాకూడదనేగా బాబూ, నన్నిక్కడ నిలబెట్టింది!"

మర్నాడే ఆమెను పట్టాలకు ఎదురుగా ఉన్న సామాన్ల గదికి మార్చారు. బోల్టులు ఏరుకోమన్నారు. పని మారినందుకు ఆమెకు బాధ లేదు. తను లేకపోతే వాళ్లంతా మళ్లీ కంకర అంచునే ఆగిపోతారేమోననే ఆమె దిగులు.

పదింటికి కొత్త మనిషి ఈల ఒక్కసారి మోగి ఊరుకుంది. ఈలమ్మ చేతిలో బోల్టుతోనే కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

ఏడుగురూ కంకర దిగారు. వీపులు కంచెకు ఆనాయి. అడిగేవాళ్లు లేకపోయినా చేతులు లేచాయి. ఒకటి, రెండు అంటూ ఏడుదాకా లెక్కపెట్టి ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు కనబడ్డాడు, కంచె చివర సూపర్‌వైజరు. కాళ్లు మట్టి మీదే ఉన్నాయి. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, మెల్లగా చెయ్యెత్తాడు.

"ఎనిమిది," అంది ఈలమ్మ.