మా నానమ్మ రిహార్సళ్ళు

భూకంపం రావాలన్నా సరే, మా నానమ్మ ఉండే వీధికి ముందురోజు ఒకసారి వచ్చి, కొంచెం ఊపి చూపించి, ఆవిడ చేత "ఊఁ, పరవాలేదు" అనిపించుకుని, మర్నాడు అసలు పనికి రావాల్సిందే. ఇది అతిశయోక్తి అనుకునేవాళ్ళు ఆవిడతో ఎప్పుడూ రైలు ప్రయాణం చేసి ఉండరు.

రేపు రైలెక్కాలంటే నానమ్మ ఈరోజే పెట్టె సర్దుకుని స్టేషనుకు వెళ్తుంది. ప్లాట్‌ఫారం మీద తన బోగీ ఆగే చోటు చూసుకుని నిలబడుతుంది. రైలు వచ్చాక ఒక మెట్టు ఎక్కి, దిగి, రైలుకి చెయ్యూపి ఇంటికొచ్చేస్తుంది. ఒకసారి రిహార్సల్ రైలు సరైన సమయానికి వచ్చింది. మర్నాడు అసలు రైలు రద్దయింది. "చూశావా! నిన్నే నయం" అంది. నిన్ననే ఎక్కి ఉంటే ఇంకా నయమని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

"ముందొకసారి చేసి చూద్దాం" అన్నది ఆవిడ ఊతపదం. ఈ జబ్బు ఆవిడకి ఉద్యోగంలో అంటుకుంది. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ముప్ఫై నాలుగేళ్ళు అటెండరుగా చేసింది. రేపు పిల్లలు చేయబోయే ప్రతి ప్రయోగాన్నీ ఈరోజు సాయంత్రం తానొక్కతే చేసి చూసుకునేది. ఆ ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క విద్యార్థి కనుబొమ్మ కూడా కాలలేదు. నానమ్మవి మాత్రం రెండుసార్లు కాలాయి.

నేను ఇంటర్ మూడుసార్లు రాశాను. మొదటి రెండూ రిహార్సళ్ళని నానమ్మకి చెప్పుకున్నాను. ఆవిడ జన్మలో నమ్మని రిహార్సళ్ళు అవి రెండే. మూడోది కూడా పోయాక కాలేజీ గేటుకి ఎదురుగా జిరాక్స్ కొట్టు పెట్టుకున్నాను. కాబట్టి ఇక్కడ రాసేదంతా నా కౌంటరు వెనక నుంచో, నానమ్మ వెనక నుంచో కళ్ళారా చూసింది.

రిటైరయ్యాక నానమ్మ ఇంట్లో కూర్చుంటుందని మా నాన్న ఆశపడ్డాడు. ఆ ఆశ పదిరోజులు బతికింది. పదకొండో రోజు కాలేజీలోని విద్యార్థుల సేవాక్లబ్బు పిల్లలు వచ్చి, "మేడమ్, మాకు సలహాదారుగా ఉండండి" అన్నారు. వాళ్ళ ఉద్దేశం వార్షికోత్సవానికి వచ్చి ముందు వరుసలో కూర్చోమని. నానమ్మ మర్నాడు పొద్దున్నే గొడుగు, నోటుపుస్తకం పట్టుకుని దిగింది.

అప్పట్నుంచీ ఆ క్లబ్బులో ప్రతి సేవా రెండుసార్లు జరిగేది. మొక్కలు నాటడానికి ముందు పుల్లలు నాటారు. రక్తదానానికి ముందు పిల్లల్ని బెంచీల మీద పడుకోబెట్టి, చేతికి తాడు కట్టి, ఎర్ర సిరా నింపిన సీసా పక్కన పెట్టింది. ఆ సిరా చూసి ఆరడుగుల ఫుట్‌బాల్ కెప్టెన్ కళ్ళు తేలేశాడు. నీళ్ళు చల్లి లేపి, "ఇవాళ పడిపోయావుగా, ఇంక రేపు పడవులే" అంది. నిజంగానే మర్నాడు పడలేదు.

పరిశుభ్రత ఊరేగింపు రిహార్సల్ ఇంకా గొప్పది. అట్టల మీద నినాదాలు అసలు రోజున రాద్దామని, ఆ వేళకి ఖాళీ అట్టలే పట్టించింది. అరవై మంది పిల్లలు ఏమీ రాయని అట్టలెత్తుకుని, నోరు మూసుకుని, రోడ్డు మీద నడిచారు. కూడలిలో పోలీసాయన ఆపాడు.

"దేని గురించమ్మా ఈ ఊరేగింపు?"

"అది రేపు చెబుతాం నాయనా. ఇవాళ నడక మాత్రమే."

పాపం, ఆయన ఉద్యోగంలో చేరాక అంత భయపడింది అప్పుడేనట.

ఇలా సాగుతుండగా ఈ ఏడాది అసలు చిక్కు వచ్చిపడింది. మా చుట్టుపక్కల తొమ్మిది కాలేజీల క్లబ్బులన్నీ కలిపి ఒక ప్రాంతం. ఏడాదికొక కార్యక్రమం ఒక్కో కాలేజీకి అప్పగిస్తారు. ఈసారి మాకు కళ్ళ శిబిరం వచ్చింది. చత్వారం వచ్చినవాళ్ళకి ఇవ్వమని నూట పాతిక కళ్ళజోళ్ళు, అన్నీ ఒకే గోధుమరంగు గుండ్రటి ఫ్రేములు, పెట్టెలో పంపారు. దాంతోపాటు ఒక ఉత్తరం కూడా వచ్చింది. మన క్లబ్బు చిన్నదనీ, ఈ శిబిరం సరిగా జరగకపోతే ఏరు అవతలి పెద్ద కాలేజీ క్లబ్బులో కలిపేస్తామనీ అందులో ఉంది.

క్లబ్బు ప్రెసిడెంటు మూడో సంవత్సరం చదివే పిల్ల. మాట్లాడితే గాలి పీల్చుకోదు. ఉత్తరం పట్టుకుని నానమ్మ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "మేడమ్ మనల్ని కలిపేస్తే అక్కడ మూడువందల మంది మనం వెనక నిలబడి కుర్చీలు వేయడమే మేడమ్ ఇంక మన క్లబ్బన్నదే ఉండదు మేడమ్!"

"ఊపిరి తీసుకో. ముందొకసారి చేసి చూద్దాం" అంది నానమ్మ.

మొదటి రిహార్సల్‌లో పిల్లలే రోగుల వేషం వేశారు. ఒకడు స్తంభానికి గుద్దుకున్నాడు. ఒకమ్మాయి ఫ్యానుకి నమస్కారం పెట్టి డాక్టరుగారూ అంది. నానమ్మ తల పట్టుకుంది. "ఇరవయ్యేళ్ళ వాళ్ళకి చత్వారం నటించడం చేతకాదర్రా. పెద్దవాళ్ళు కావాలి" అని గొడుగు తీసుకుని వీధిలోకి బయల్దేరింది.

మొదట నా పక్క కొట్టులోకే వెళ్ళింది. అది దర్జీ మాస్టారిది. మీసాలకి ఎంత పదునో మాటకి అంత పదును.

"మాస్టారూ, పిల్లలు ఒక నాటకంలాంటిది ఆడుతున్నారు. కళ్ళు సరిగ్గా ఆనని పెద్దమనిషి వేషం ఒకటుంది. మీరైతే నిండుగా ఉంటుంది."

"నాకు కళ్ళు దివ్యంగా ఆనుతాయమ్మా! ఎదురింటి డాబా మీద కాకిని చూపించు, ఆడో మగో చెబుతా."

"అందుకేగా నటించమంటున్నాను. నిజంగా ఆననివాళ్ళు నటించడమేముంది?"

మాస్టారు మీసం దువ్వుకున్నాడు. "డైలాగులున్నాయా?"

"డాక్టరు అక్షరాలు చూపిస్తాడు. మీకు కనపడినవి కనపడినట్టు చదవడమే."

"అదెంత పని! వేస్తాను."

అలా పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనాయన, లెక్కల టీచరుగా చేసినావిడ, బేకరీ పెద్దాయన, ఇలా ప్రతి ఇంటికీ ఒక వేషం పంచుకుంటూ పోయింది. డాక్టరు మాత్రం నిజం డాక్టరే. ఒకప్పుడు ఆవిడ ల్యాబులో గాజు సామాను పగలగొట్టిన కుర్రాడు. ఇప్పటికీ ఆవిడ ఎదురైతే చేతులు జేబులో పెట్టుకుంటాడు.

"రిహార్సల్‌కి నిజం డాక్టరెందుకు నానమ్మా?" అన్నాను.

"ఆయనకి మాత్రం రిహార్సల్ అక్కర్లేదూ?" అంది.

ఒక ఆదివారం కాదు, మూడు ఆదివారాలు నడిచింది ఈ భాగోతం. నటులు వరుసలో కూర్చునేవాళ్ళు, అక్షరాలు చదివేవాళ్ళు, డాక్టరు ఒక్కొక్కరికీ కుదిరిన కళ్ళజోడు తగిలించేవాడు. పిల్లలు తిరిగి తీసుకోబోతే నానమ్మ కసిరేది. "వేషం మీదున్నవాళ్ళ దగ్గర సామాను లాక్కుంటారా? రిహార్సల్ అవనీయండి!"

అసలు రోజు రానే వచ్చింది. ప్రాంతీయ కార్యదర్శి దిగారు. ఇస్త్రీ మడత చెదరని పొడుగాటి మనిషి. చేతిలో అట్ట, అట్టకి ఫారం, ఫారం నిండా గళ్ళు. కాలేజీ హాలులో అరవై కుర్చీలు వేశాం. మధ్యాహ్నానికి వచ్చింది పంతొమ్మిది మంది. వాళ్ళలో కళ్ళజోడు అవసరమైంది ఏడుగురికి. మిగతావాళ్ళు ఆఖరి గీతలో చీమంత అక్షరాలు కూడా గడగడా చదివేసి వెళ్ళిపోయారు.

"ఏమండీ, మీ వీధిలో కళ్ళు మరీ ఇంత బాగున్నాయేమిటి?" అన్నారు కార్యదర్శి. తర్వాత పెట్టె తెరిచారు. "నూట పాతిక పంపాం. పొద్దున నేను చూసినప్పుడే ముప్ఫై తొమ్మిదున్నాయి. మిగతా ఎనభై ఆరూ ఏవి?"

ప్రెసిడెంటు పిల్ల మొహం పాలిపోయింది. "రిహార్సల్‌కి వాడాం సార్."

"వాడితే వాడారు. వెనక్కి తీసుకోలేదా?"

"మేడమ్ వద్దన్నారు సార్."

అందరం నానమ్మ వైపు తిరిగాం. ఆవిడ గొడుగు కొక్కెం తుడుచుకుంటూ, "రిహార్సల్ ఇంకా అవలేదండీ" అంది.

ఆవిడకి మతి చలించిందని నేను నమ్మేసింది ఆ నిమిషంలోనే. కార్యదర్శి కలం తీశారు. ఫారంలో అడుగున 'విలీనానికి సిఫారసు' అని ఒక గడి ఉంది. కలం మొన దాని మీదకి వెళ్ళింది. ప్రెసిడెంటు పిల్ల మొదటిసారి మాట్లాడకుండా ఊపిరి బిగపట్టింది.

సరిగ్గా అప్పుడే మా దర్జీ మాస్టారు హాల్లోకి వచ్చాడు, శిబిరం ఎలా జరుగుతోందో చూసిపోదామని. ఆయన వెనక పోస్టాఫీసు పెద్దాయన, లెక్కల టీచరు, బేకరీ ఆయన, ఇంకో పది పన్నెండు మంది. అందరి ముక్కుల మీదా గోధుమరంగు గుండ్రటి కళ్ళజోళ్ళే! ఒకే కోడి పొదిగిన పిల్లల్లా ఉన్నారు.

కార్యదర్శి కలం ఆగింది. "అయ్యా, ఈ కళ్ళజోడు ఎక్కడిదండీ?"

"ఇదా?" మాస్టారు రొమ్ము విరిచాడు. "ఇది వేషమండీ! పిల్లలకి సాయం కావాలంటే వేశాను. అయిపోయిందేమో ఇచ్చేద్దామంటే మేడమ్‌గారు ఇంకా కాలేదంటారు. మాటిచ్చాక మధ్యలో తీసేసే మనిషిని కాను. కొట్లో కూడా పెట్టుకునే కూర్చుంటున్నాను. అలవాటు తప్పకూడదు కదా!"

"మరి మీరు శిబిరానికి రావచ్చుగా? ఉచితమే."

మాస్టారి మీసాలు లేచాయి. "ఉచితమా? నాకెందుకండీ ఉచితం? పదిహేడేళ్ళ వయసు నుంచి నా సూదిలో దారం నేనే ఎక్కించుకుంటున్నాను." మీసం మీదకి వెళ్ళిన చెయ్యి దిగింది. "మధ్యలో ఓ ఏడాది మా ఆవిడ ఎక్కించిందనుకోండి. ఇప్పుడు మళ్ళీ నేనే."

వెనక ఉన్న లెక్కల టీచరు ఎటో చూసింది. పోస్టాఫీసు పెద్దాయన దగ్గాడు. వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో ఎవరు పేపరు చదివి వినిపించేవాళ్ళో, ఎవరు బియ్యంలో రాళ్ళేరి పెట్టేవాళ్ళో ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. గాజు సామాను డాక్టరు నేల చూస్తూ నవ్వుకుంటున్నాడు. ఆ దొంగకి మొదటి నుంచీ తెలుసు!

వాళ్ళు వెళ్ళాక కార్యదర్శి నానమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఎనభై ఆరుగురు లబ్ధిదారులని రాసేస్తాను. మీ క్లబ్బుకి ఢోకా ఉండదు."

"వద్దు బాబూ. ఆ జాబితా గోడకి అంటిస్తారు. సాయంత్రానికల్లా ఎనభై ఆరూ వెనక్కొస్తాయి."

"రాయకపోతే క్లబ్బు పోతుందమ్మా."

నానమ్మ ప్రెసిడెంటు పిల్ల వైపు చూసింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, "రాయకండి సార్" అంది. ఈసారి వాక్యానికి చుక్క పెట్టి మరీ ఆపింది.

కార్యదర్శి ఫారాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివారు. చివరికి ఒక గడి దగ్గర వేలు ఆగింది. 'స్వచ్ఛందంగా సాయపడిన స్థానికులు.' "తొమ్మిది కాలేజీల్లో ఇంతవరకూ ఈ గడిలో నాలుగుకి మించి ఎవరూ రాయలేదు" అంటూ, ఎనభై ఆరు అని గుండ్రంగా రాశారు. 'విలీనం' గడి మీద అడ్డంగా గీత కొట్టారు. ప్రెసిడెంటు పిల్ల వేసిన కేకకి గేటు బయట నా కొట్టులో కాగితాలు ఎగిరాయి.

లేచి వెళ్ళబోతూ ఆయన గొంతు తగ్గించారు. "అమ్మా, మా నాన్నగారు కూడా ఉచితమంటే గుమ్మం తొక్కరు. వచ్చే ఆదివారం మీ రిహార్సల్ ఏమైనా…"

"తీసుకురా నాయనా. మంచి వేషం ఒకటి ఖాళీగా ఉంది" అంది నానమ్మ.

ఇదంతా రాసి మొన్న ఆవిడకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని ఆసాంతం వింది. మెచ్చుకుంటుందని ఆగాను.

"ఎలా ఉంది నానమ్మా?"

"నన్ను పొగిడింది చాల్లే. ఆ శిబిరం ఫారాలు నూట యాభై వంకరగా జిరాక్స్ తీసి, వంక కాగితం మీదకి నెట్టావు. అది రాయలేదేం?"