ఆవిరి గిన్నెలో ఎలుక

చియాయి ఊరి సంతలో జిగురన్నం అమ్మే సియూలువాన్ శుభ్రత చూస్తే వీధి వీధంతా హడలు. బల్లమీద ఈగ వాలితే ఆ బల్ల కడిగేదాకా ఆమెకు ముద్ద దిగదు. అలాంటి మనిషి ఫ్రీజర్లో, చేప ముక్కల పక్కన, గడ్డకట్టిన ఎలుకలున్నాయి.

అవి కూతురు పింగ్‌జూ పెంచుకునే పాముకు మేత. ఆ పాము మూలంగానే తల్లీకూతుళ్లకు చెడింది. "ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అని తల్లి అంటే, కూతురు పామును తీసుకుని అద్దెగదికి పోయింది. ఇప్పుడు స్కూటర్ మీంచి పడి కాలు విరిగి ఆస్పత్రిలో ఉంది. దాంతో పామూ ఎలుకలూ ఈ గడప తొక్కాయి. పాము రెండు నెలలుగా మేత ముట్టలేదు. ఈ వారమూ తినకపోతే దక్కదని పశువైద్యుడు తేల్చేశాడు.

"గడ్డ కరిగించి, వెచ్చచేసి పెట్టమ్మా" అని కూతురు ఫోన్లో బతిమాలింది.

వెచ్చచేయడం ఆమెకు ఒకరు నేర్పాలా? ఆ ఊళ్లో చల్లారింది ఏదైనా కరెంటు ఆవిరి గిన్నెలోకే పోతుంది. ముక్కు మూసుకుని, ఎలుకను పుల్లలతో పట్టి పళ్లెంలో పడేసి, కింద అరకప్పు నీళ్లు పోసి మీట నొక్కింది. కాసేపటికి తడి బొచ్చు, పైత్యం కలిసిన కంపు ఇల్లంతా కమ్మింది. మూత తీస్తే పొట్ట పగిలి, తోలు ఊడి ఉంది. సింకు దగ్గరికి పరుగెత్తి కక్కుకుంది. అయినా ఫొటో తీసి కూతురికి పంపింది.

వెంటనే ఫోన్ మోగింది.

"పెట్టేశావా?"

"లేదే. చల్లారనీ."

"పెట్టకు. ఉడికిన ఎముకలు ముళ్లలా విరిగి దాని లోపల గుచ్చుకుంటాయి." పింగ్‌జూ గొంతు మారింది. "చంపాలనే ఉడికించావు కదూ?"

ఆ మాట సియూలువాన్‌కు చెంపదెబ్బలా తగిలింది.

"చంపాలంటే చీపురుకట్ట చాలదూ? దానికోసం అన్నం వండుకునే గిన్నె పాడుచేసుకుంటానా? ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకునే రకమా నేను? ఎలా చెయ్యాలో సరిగ్గా చెప్పు."

మరో ఎలుకను ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి బిగించి గోరువెచ్చటి నీళ్లలో ముంచింది. నీళ్లు చల్లారితే మార్చింది.

"ఇప్పుడు పొట్ట నొక్కి చూడు. లోపల ఇంకా గడ్డకట్టి ఉంటే పాముకు జబ్బు చేస్తుంది" అంది కూతురు ఫోన్లో.

నొక్కింది. సంచిలోంచే మెత్తటి మాంసం వేళ్ల కింద జారింది.

"నీ పాము పాడుగాను. ఇంకా గట్టిగానే ఉంది."

మళ్లీ నీళ్లు, మళ్లీ నొక్కడం. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఎలుకను తుడిచి, పొడవాటి పట్టకారుతో పాము ముందు ఆడించింది. రెండో చేత్తో ఫోన్ పట్టుకుని కూతురికి చూపించింది. పాము కదల్లేదు. ఉన్నట్టుండి అది లంకించుకుని చుట్ట చుట్టేసింది. దవడలు సాగదీసి మింగసాగింది. చివర్న తోక సేమ్యాలా లోపలికి జారింది. ఇక ఈ నెలంతా సేమ్యా ముట్టనని అనుకుంది.

ఫోన్లో పింగ్‌జూ ఏడుస్తోంది.

"అమ్మా, ఇందాకటి మాట అనకుండా ఉండాల్సింది. వచ్చేసారి మా స్నేహితుడొచ్చి పెడతాడులే."

సియూలువాన్ సబ్బుతో మోచేతులదాకా రుద్దుకుంటోంది.

"ఎవడూ రానక్కర్లేదు. నేనే పెడతా. నువ్వు నడవగలిగాక దాన్ని తీసుకుని తిన్నగా ఈ ఇంటికే రా."

ఫోన్ పెట్టేసి మళ్లీ కక్కుకుంది.