బెంగజ్వరం

బిలాస్‌పూర్‌లో రైల్వేవాళ్లుండే తార్‌బహార్‌లో మా పక్కింటి అప్పయమ్మ పిన్నిగారికి తెలిసిన జబ్బు ఒక్కటే, బెంగ. లోకోషెడ్‌లో జారిపడి ఎదురింటి సన్యాసిరావుగారి మడమ గుమ్మడికాయంత వాచిపోతే, కట్టు విప్పి చూసి, "ఇది బెంగ వాపు. తమ్ముడు ఫోన్ చేసి ఎన్నాళ్లయింది నాయనా?" అంది. క్వార్టర్ మారాక మిక్సీ పాడైతే దానికీ బెంగే. పాత వంటింటి మీద పెట్టుకుందట.

నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడాది ఆ వైద్యం నా మీద పడింది. తొలి ఆషాఢం, పుట్టింటికి పంపాలి. మా అత్తగారు లక్ష్మీనరసమ్మ రేపు మాపు అంటూ పున్నమి దాటించి, "ఇక్కడోళ్ల లెక్కలో పున్నమి దాటితే సావన్, అదే మన శ్రావణం, వచ్చీసినాది. ఇంకేటి ఆషాఢం?" అని తేల్చేశారు.

నాకు అన్నం సహించలేదు. పార్వతీపురంలో మా అమ్మ పక్కన పడుకుని కబుర్లు చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయేది. రైలు కూత వింటే చాలు, ఏడుపొచ్చేది. బిలాస్‌పూర్‌లో కూత లేని గంటేది?

పిన్నిగారు వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసింది.

"లక్ష్మీ వదినా, ఇది బెంగజొరం. ముదిరితే మనిషి దక్కదు."

అత్తగారు హడలిపోయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. పిన్నిగారు వెంట రాకుండా ఉంటుందా.

"బుఖార్ నహీ హై," అన్నాడు డాక్టరు, థర్మామీటర్ చూసి. జ్వరం లేదట.

"అందులో నై ఆతా బాబూ. బెంగ బుఖార్ హై. ఘర్ కా బుఖార్," అంది పిన్నిగారు, ఇంటి మీది జొరమని.

"అచ్ఛా. ఇస్కీ దవా?" దీనికి మందేమిటని అడిగాడు.

"టికెట్."

ఆయనది ఎక్కడో బీహార్ మారుమూల. చీటీల పుస్తకం ముందుకు లాక్కుని, "యే తో ముఝే భీ హై," అన్నాడు. తనకూ ఉందట. నన్ను ఇంటికి పంపమని చీటీ రాసిచ్చాడు. డాక్టరు రాశాక అత్తగారు ఇంకేమంటారు, మర్నాడే రైలెక్కించారు.

అమ్మ దగ్గర తనివితీరా ఉండి వచ్చాక అడిగాను.

"పిన్నిగారూ, బెంగజ్వరం అనే జబ్బు నిజంగా ఉందా?"

"బెంగ ఉంది. జొరం నాను కలిపినాను. కోడలు ఏడిస్తే నాటకం అంటారే, జొరమొస్తే డాక్టరు కాడికి తీసుకెళ్తారు."

ఆవిడ మీద ప్రేమ పొంగుకొచ్చింది. నవ్వుతూ నుదుటి మీద చెయ్యి వేశాను. నిజంగానే వెచ్చగా ఉంది.

"మీకేమైంది?"

"బెంగే. నువ్వెళ్లిన కాణ్ణుంచీ."

"మరి మందు?"

"వచ్చీసింది కదా," అంది. "టీ ఎట్టు."