వాసన ఊరిదే అనుకున్నాను

మా బావ పెట్టిన షరతు వల్ల చేసిన ప్రయాణమిది. మా ఆయన పోయి రెండేళ్లయింది. బడిలో టీచరుగా రిటైరై, గోదావరిఖనిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. రామకృష్ణాపూర్‌లో ఉండే అక్క, బావ తమ దగ్గరికి వచ్చెయ్యమని ఒకటే పోరు. చివరికి బావ ఫోన్‌లో తేల్చేశాడు.

"నీ కారు నువ్వే నడుపుకుంట మా ఇంటిదాక రా సునీతా. ఏ తిప్పలు లేకుంట వస్తే నీ ఇష్టమొచ్చినట్టు ఉండు. లేకుంటే కారు అమ్మి మా దగ్గరికి రావాలె."

వాళ్ల ప్రేమ నాకు తెలియనిది కాదు. కానీ ఇంకొకరింట్లో, వెనక గదిలో బతకడం నా వల్ల కాదు.

మే నెల. ఎండ ముదరకముందే చేరాలని ఏడింటికి బయల్దేరాను. దోసెల డబ్బా, నీళ్ల సీసా పక్క సీట్లో పెట్టుకున్నాను. ఆ సీటు ఖాళీగా కనిపిస్తే నాకు దిగులు.

కాలనీ దాటకముందే కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమంది. అద్దాలు ఎక్కించాను. బొగ్గు కుప్పలు రగిలినప్పుడల్లా మా ఊళ్లో ఈ వాసన మామూలే. కిటికీలు మూసుకుని ఎవరి పని వాళ్లు చూసుకుంటాం. కొన్ని వారాలుగా మరీ ఎక్కువైందని అనిపించినా, ఆ మాట అనడానికి ఇంట్లో ఇంకో మనిషి లేదు.

గోదావరి వంతెన మీదికి ఎక్కేటప్పుడు కారు మొరాయించింది. ఎంత తొక్కినా వేగం అందుకోదు. ఎదుట ఇంజిన్ గుర్తు పసుపుపచ్చగా వెలిగింది. వెనక లారీవాడు హారన్ మోగించి చంపేశాడు. పాత బండి, ఎండకు ఆయాసపడుతోందిలే అనుకున్నాను.

ఇందారం దగ్గర టీ తాగుతుంటే గుడ్ల బుట్టతో ఒక అవ్వ మంచిర్యాల దాకా ఎక్కించుకోమంది. సంతోషంగా డబ్బా, సీసా వెనక్కి పడేశాను. కాసేపటికి మళ్లీ అదే వాసన.

"అవ్వా, నీ గుడ్లల్ల ఒకటి చెడిపోయినట్టుంది" అన్నాను.

"ఏందమ్మా గట్లంటవ్! నిన్న పెట్టిన గుడ్లు. నువ్వే ఎన్నడో కార్ల గుడ్డు మర్చిపోయినవ్ గావచ్చు!"

ఆమె ఉన్నంతసేపూ పోట్లాడుకుంటూ, నవ్వుకుంటూ వచ్చాం. మంచిర్యాలలో అవ్వ దిగిపోయింది, బుట్ట దిగిపోయింది. వాసన మాత్రం దిగలేదు. అప్పుడైనా నా బుర్రకు తట్టాల్సింది. ఇక్కడా చుట్టూ గనులే కదా అని సరిపెట్టుకున్నాను. పాదాల కింద కారు అడుగుభాగం పెనంలా కాగుతోంది. దానికీ ఎండనే తిట్టుకున్నాను.

తొమ్మిది దాటాక చేరాను. ఇంటి పక్క ఖాళీ జాగాలో, ఎండుగడ్డి మీద కారు ఆపాను. గనిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మా బావ ఎదురొచ్చి గాలి పీల్చాడు.

"కుప్పలు రగిలినయ్ గావచ్చు. గాలి ఇటు కొడుతుంది. లోపలికి రా, జల్ది."

గడప ఎక్కామో లేదో అక్క కేక పెట్టింది. కారు కింద గడ్డి పొగలు కక్కుతోంది! బావా నేనూ కారును పక్కకు నెట్టాం, అక్క గడ్డి మీద బిందెలు కుమ్మరించింది.

బావ పిలిపించిన మెకానిక్ కారు కిందికి దూరి చూశాడు. "పొగ పోయే గొట్టంల, పొగను శుద్ధి చేసే కన్వర్టర్ జామయ్యింది మేడం. పొగ బయటికి పోక లోపలనే కాగుతుంది. ఇన్ని రోజులు కుళ్లిన గుడ్ల వాసన రాలేదా?"

బావా నేనూ మొహాలు చూసుకున్నాం.

"షరతు ఓడిపోయాను బావా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

బావ తన ముక్కు తడుముకున్నాడు. "గనిల మంట వాసన పసిగట్టిన ముక్కు నాది. నాకే తెలువలే, ఇగ నిన్నేమంట? నీ ఇంట్ల నువ్వుండు. కాకుంటే ఇంకో షరతు. ఏ వాసనొచ్చినా నాకు ఫోన్ చెయ్యి."

కొత్త కన్వర్టర్ తెప్పించి బిగించడానికి రెండు రోజులు పట్టింది. మూడోనాడు సాయంత్రం తిరుగు ప్రయాణం. వంతెన మీద కారు కిక్కురుమనకుండా సాగిపోయింది. బొగ్గు గనుల దారిలో కారు నడిపేవాళ్లకు ఒక్కటే చెప్తాను. వాసన మీ వెంటే వస్తుంటే అది ఊరిది కాదు. ఎండుగడ్డి మీద మాత్రం ఆపకండి.

మా కాలనీ మలుపు తిరిగానో లేదో, మళ్లీ కుళ్లిన గుడ్ల వాసన. మట్టినేల చూసి ఆపాను. దిగి, వంగి చూశాను. కారు కింద పొగ లేదు, అక్కడ వాసన ఎక్కువా కాలేదు. కారుకు దూరంగా నడిచాను. వాసన అక్కడే ఎక్కువగా ఉంది. బావకు ఫోన్ చేశాను.

"వాసనొస్తోంది బావా. కారుది కాదు, కుప్పలదే."

"మంచిగ చూసినవా?"

"వంగి మరీ చూశాను."

"అయితే ఫికర్ లేదు" అన్నాడు. "ఇల్లు చేరినవన్నట్టే."