పెంచని మూడు వాషర్లు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను కోతలు కోస్తాను. ఇరవై రెండేళ్లుగా పోర్టులో క్రేన్ నడుపుతున్నవాడికి పైనుంచి మనుషులంతా చీమల్లా కనిపిస్తారు. కిందికి దిగాక చీమల్ని ఏనుగులుగా చెప్పడం అలవాటైపోతుంది. ఇందులో నా కోపం మాత్రం అసలు కొలతే.

కిందటేడు వానాకాలం, విశాఖ పోర్టులో బొగ్గు ఓడలు ఆగే బెర్తు. మధ్యాహ్నం గాలి లేచింది. గాలి హద్దు దాటితే క్రేన్లు ఆపేయాలి. ఆ రోజు గాలికి క్యాంటీన్ వడ ఒకటి ఎగిరి సముద్రం మీదుగా భీమిలి వైపు వెళ్లిపోయింది. షెడ్డులో ముగ్గురం మిగిలాం: నేను, నా జోడీ ఆపరేటర్ అప్పలరాజు, వన్ టౌన్ నుంచి వచ్చే మెకానిక్ రహీం భాయ్.

శుక్రవారం సెలవు నేనూ అప్పలరాజూ ఇద్దరం అడిగాం. ఫోర్‌మన్ ఒక్కరికే ఇస్తానన్నాడు. మా షెడ్డులో ఇలాంటి తగాదాలు పోకర్‌తో తేలతాయి. ఎవరో ఓడ మనిషి నేర్పి పోయిన ఆట. చేతికి రెండేసి ముక్కలు, మధ్యలో ఇద్దరికీ పనికొచ్చే అయిదు. డబ్బు ముట్టం. బోల్టుల కింద వేసే ఇనప బిళ్లలే పందెం, చెరి ముప్ఫై వాషర్లు. గాలి తగ్గి సైరన్ మోగేసరికి ఎవరి దగ్గర ఎక్కువుంటే సెలవు వాళ్లది.

శుక్రవారం మా ఆవిడ సరోజకి స్కూటర్ లైసెన్సు పరీక్ష. ఎనిమిది అంకె మలుపులో రెండుసార్లు కాలు కింద పెట్టేసింది. “ఈసారి నువ్వొచ్చి ఎదురుగా నిలబడు, పడిపోను,” అంది. మాటిచ్చాను.

అప్పలరాజు సంగతా? “నిద్దరోదామని బావ,” అన్నాడు. అక్కడే మండింది నాకు.

రహీం భాయ్ పంచాడు. అప్పలరాజుది లూజ్ ఆట. ఎంత చెత్త ముక్కలొచ్చినా వదలడు, అడిగినంత వేస్తాడు. బెదిరించి వదిలిద్దామని, చేతిలో ఏమీ లేకుండా రెండుసార్లు రెయిజ్ చేశాను, అంటే పందెం పెంచాను. రెండుసార్లూ “సూత్తాను బావ,” అంటూ వాషర్లు తోశాడు. ఆరు పోయాయి. నాకు ఇరవై నాలుగు, అతనికి ముప్ఫై ఆరు. నాలో మసిలిన కోపంతో స్టీల్ ప్లాంటు కొలిమి ఒక షిఫ్టు నడిచేది.

అప్పుడొచ్చాయి నాకు రాజు, తొమ్మిది. గొప్పవీ కావు, పారేసేవీ కావు. పెంచనా, మాననా? చెయ్యి కాలినవాణ్ని, మానేశాను. చెరో రెండు వేశాం. మధ్యలో తొమ్మిది, ఏడు, మూడు పడ్డాయి. నాకు తొమ్మిదుల జత. అయినా ధైర్యం చాల్లేదు, ఇంకో రెండే వేశాను. “ఏత్తాను,” అన్నాడు. తర్వాత జాకీ, నాలుగు పడ్డాయి. ఇక పెంచకుండా ఊరుకున్నాను.

అప్పలరాజు చేతిలో ఏడు, రెండు, ఈ ఆటలో అంతకంటే చెత్త చెయ్యి లేదు! ఏడుల జత. నేనే నెగ్గాను, ముష్టి నాలుగు వాషర్లు. అంతలో సైరన్ మోగింది. నావి ఇరవై ఎనిమిది, అతనివి ముప్ఫై రెండు. ఇంకో మూడు పెంచి ఉంటే సెలవు నాది.

“మరి పెంచలేదేటి బావ? అడిగితే ఏద్దును గదా!” అన్నాడు అప్పలరాజు జాలిగా.

“నువ్వు మనిషివేనా? ఏడూ రెండూ పట్టుకుని ఎవడైనా కూర్చుంటాడా?” అని పెంకులెగిరేలా అరిచాను.

“అతన్నెందుకు తిడతావ్ మియా?” అన్నాడు రహీం భాయ్ పేక సర్దుతూ. “చేతిలో ఏం లేనప్పుడు బెదిరించావ్. ఉన్నప్పుడు నువ్వే బెదిరావ్.”

నేను నేర్చుకున్నది అదే. వదలని మనిషి మీద బెదిరింపు దండగ. మన ముక్క రవ్వంత మెరుగైతే చాలు, నోరు తెరిచి అడగాలి.

శుక్రవారం నేను క్రేన్ మీదున్నాను. సరోజ ఒంటరిగా వెళ్లి మూడోసారీ కాలు కింద పెట్టింది. స్కూటర్‌కి కప్పిన కవర్ ఇంకా తియ్యలేదు.

ఇక నా కోతల లెక్క. వడ ఎగిరిన మాట నిజమే, షెడ్డు గోడ దాకా. పూర్తిగా కల్పించింది ఒక్కటే: నిద్దరోదామని అప్పలరాజు అననే లేదు. ఎందుకు అడిగాడో ఈనాటికీ నాకు తెలీదు. అతన్ని నేనడగలేదు. సరోజ పరీక్ష సంగతి అతనికి చెప్పనూ లేదు. “అడిగితే ఏద్దును గదా” అన్న మనిషిని, ఆ సెలవు నాకు వదిలెయ్యవా అని ఒక్క మాట అడగలేదు.